రోబో కొట్టేసిందట!

‘‘ఎన్ని కంపెనీలకు పెట్టావురా?’’

‘‘రెండొందలు దాటాయి బాబాయ్. ఒక్క కాల్ లేదు. ఏటీఎస్ కొట్టేస్తోంది.’’

బీటెక్ పట్టా చేతికొచ్చి ఏడాది దాటిన పిల్లలున్న ఇళ్లలో ఈ సంభాషణ ఏదో ఒక రూపంలో నడుస్తూనే ఉంటుంది. ఏటీఎస్ అంటే ఏమిటో బాబాయికి తెలియదు కాబట్టి మారుమాట్లాడడు. ఆ మాటకొస్తే కుర్రాడికీ అంతగా తెలియదు. అతనికి తెలిసిందల్లా యూట్యూబ్ వీడియోలు, లింక్డిన్ పోస్టులు, కోచింగ్ సెంటర్లు వినిపించిన కథే. కంపెనీ వాకిట్లో ఒక రోబో కాపలా ఉంటుంది. నూటికి 75 రెజ్యూమెలను మనిషి కంట పడకముందే చెత్తబుట్టలో వేస్తుంది. దాన్ని దాటాలంటే ఫలానా మూసలో ఫలానా పదాలు నింపాలి. మూస ఉచితమే, ‘స్కోరు’ పెంచుకోవాలంటే మాత్రం డబ్బు కట్టాలి.

ఈ కథలో నిజం పిసరంత, వ్యాపారం బోలెడంత. కుర్రాడి జేబుకు పడే చిల్లు అందులో చిన్న నష్టం. అంతకన్నా పెద్దవి రెండున్నాయి. నిజంగా వడపోస్తున్న మనుషులు రోబో వెనక దాక్కుంటున్నారు. తాను చేసిన పనేమిటో కాగితం మీద రాయడం కుర్రాడు మానేస్తున్నాడు.

ముందు ఆ 75 సంగతి. దాని పుట్టుపూర్వోత్తరాలు వెతికిన వాళ్లు చేరిన చోటు ప్రెప్‌టెల్ అనే అమెరికన్ కంపెనీ. రెజ్యూమెలకు మెరుగులు దిద్దే సేవలు అమ్ముకోవడం దాని వ్యాపారం. 2013లో అది మూతపడింది. ఆ అంకె వెనక ఏ అధ్యయనమూ బయటికి రాలేదు. మందు అమ్మేవాడే రోగుల లెక్కా చెప్పాడు, దుకాణం కట్టేశాక కూడా ఆ లెక్క ఊళ్లు తిరుగుతూనే ఉంది.

ఇంతకీ ఏటీఎస్ చేసే పనేమిటి? అప్లికెంట్ ట్రాకింగ్ సిస్టమ్ అంటే దరఖాస్తుల బీరువా. వర్క్‌డే, గ్రీన్‌హౌస్, మన పొరుగున చెన్నైకి చెందిన జోహో వారి రిక్రూట్ లాంటివి ఈ కోవలోవే. రెజ్యూమెలోంచి పేరు, ఫోన్ నంబరు, చదువు, అనుభవం విడదీసి గడుల్లో సర్దుతాయి. ఎవరు ఏ రౌండ్‌లో ఉన్నారో గుర్తు పెట్టుకుంటాయి. రిక్రూటర్ ఏదైనా పదం కొట్టి వెతికితే ఆ పదమున్న వాళ్లను చూపిస్తాయి. ‘రెండేళ్ల అనుభవం ఉందా? ఈ ఊళ్లో పని చేస్తారా?’ అన్న ప్రశ్నకు ‘లేదు’ అని టిక్కు పెట్టిన వాళ్లను, కంపెనీ ముందే అలా చెప్పి ఉంటే, పక్కన పెడతాయి. ఆ ప్రశ్న రాసింది మనిషి. ‘లేదు’ అంటే పక్కన పెట్టమన్నదీ మనిషే.

మన దగ్గర ఈ సంగతి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1997 నుంచి నడుస్తున్న నౌకరీ డాట్ కామ్‌లో రిక్రూటర్లు దరఖాస్తుల కోసం ఎదురుచూస్తూ కూర్చోరు. సైట్‌లో దాచిన ప్రొఫైళ్లను తామే జల్లెడ పడతారు. ఎన్నేళ్ల అనుభవం, ఏ ఊరు, ఇప్పటి జీతమెంత, నోటీసు పీరియడ్ ఎన్నాళ్లు అని ఒక్కో గడి నింపుకుంటూ పోతే వేల పేర్లు పదుల్లోకి దిగుతాయి. ‘ఇమ్మీడియట్ జాయినర్స్ మాత్రమే’ అని ఒక హెచ్ఆర్ 90 రోజుల నోటీసు ఉన్న వాళ్లందరినీ ఒక్క క్లిక్కుతో వదిలేస్తే, అందులో రోబో చేసిన పాపమేమీ లేదు. క్యాంపస్ డ్రైవ్‌లలో పదో తరగతి, ఇంటర్, డిగ్రీ అన్నింటా 60 శాతం ఉండాలనే షరతు కూడా ఇంతే. పదో తరగతిలో జ్వరంతో పరీక్ష రాసిన పిల్లను ఆరేళ్ల తర్వాత గుమ్మంలోనే ఆపేసే షరతు అది. ఏ కీవర్డూ దాన్ని కరిగించలేదు.

హార్వర్డ్ బిజినెస్ స్కూల్, యాక్సెంచర్ కలిసి 2021లో వెలువరించిన నివేదికను ఏటీఎస్ భయం అమ్మేవాళ్లు తరచూ చూపిస్తుంటారు. అర్హత ఉన్న వాళ్లు కూడా షరతులకు అచ్చంగా సరిపోనందుకు వడపోతలో పోతున్నారని, అధిక నైపుణ్యం కావలసిన ఉద్యోగాల విషయంలో 88 శాతం యాజమాన్యాలు అందులో ఒప్పుకున్న మాట నిజమే. అయితే ఆ నివేదిక వేలు చూపించింది యాజమాన్యాలు పెట్టుకున్న షరతుల వైపు. ఉద్యోగంలో ఆరు నెలలకు మించి ఖాళీ ఉంటే పక్కన పెట్టమని దాదాపు సగం కంపెనీలు తమ సాఫ్ట్‌వేర్‌కు చెప్పి ఉంచాయట. ప్రసవానికో, మంచాన పడ్డ అత్తగారి సేవకో ఏడాది ఆగిన ఆడవాళ్ల రెజ్యూమెలు ఎక్కడ ఆగిపోతున్నాయో ఇక విడమరచి చెప్పనక్కర్లేదు.

‘అది పాత సాఫ్ట్‌వేర్ మాట, ఇప్పుడు ఏఐ వచ్చింది కదా, అది తానే నిర్ణయించేస్తోంది’ అనే వాదన ఒకటుంది. దీన్ని కొట్టిపారేయకూడదు. కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టులో డెరెక్ మోబ్లీ అనే ఉద్యోగార్థి 2023లో వర్క్‌డే మీద వేసిన దావా సారం ఇదే. వందకు పైగా ఉద్యోగాలకు పెట్టుకున్నానని, అన్నిచోట్లా తిరస్కారమే ఎదురైందని, ఒకచోటైతే అర్ధరాత్రి దాటాక దరఖాస్తు పెడితే గంటలోపే వద్దన్నారని ఆయన ఫిర్యాదు. నల్లజాతీయుడినని, నలభై దాటినవాడినని, వైకల్యం ఉన్నవాడినని ఆ సాఫ్ట్‌వేర్ తనను వడకట్టేసిందన్నారు. వర్క్‌డే ఒప్పుకోలేదు. 2024లో కోర్టు దావాను ముందుకు సాగనిచ్చింది. కోర్టు అంతిమంగా ఏం తేల్చినా, ఆయన ఆరోపణ వివక్ష గురించి. రెజ్యూమెలో కీవర్డులు తక్కువై ఓడిపోయానని ఆయన అనలేదు.

యంత్రం ఈ వివక్ష ఎక్కడ నేర్చుకుంటుందో చెప్పడానికి అమెజాన్ కథ చాలు. ఆ కంపెనీ 2014 నుంచి రెజ్యూమెలకు మార్కులు వేసే ప్రోగ్రాం ఒకటి తయారుచేసుకుంది. పదేళ్లపాటు తన దగ్గరికి వచ్చిన రెజ్యూమెలు దానికి పాఠాలు. వాటిలో ఎక్కువ మగవాళ్లవి. అది శ్రద్ధగా చదువుకుని, ‘విమెన్స్’ అన్న మాట కనిపిస్తే, అది మహిళల చెస్ క్లబ్ అయినా సరే, మార్కులు తగ్గించడం మొదలుపెట్టింది. ఎంత సరిచేసినా నమ్మకం కుదరక కంపెనీ దాన్ని వదిలేసింది. 2018లో రాయిటర్స్ ఈ సంగతి బయటపెట్టింది. గురువులు ఎవరో శిష్యుడి నడత చూస్తేనే తెలుస్తోంది.

ఆ గురువుల సంగతి మన దేశంలోనూ లెక్కకట్టి చూశారు. సుఖదేవ్ థోరాట్, పాల్ అట్టెవెల్ అనే పరిశోధకులు 66 వారాలపాటు పత్రికల్లో వచ్చిన ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపారు. చదువులు, అర్హతలు సమానం. పేర్లు మాత్రం వేరు: కొన్ని పైకులాల ఇంటిపేర్లు, కొన్ని దళితుల పేర్లు, కొన్ని ముస్లిం పేర్లు. పైకులపు పేరుతో పోలిస్తే పిలుపు వచ్చే అవకాశం దళిత పేరుకు సుమారు మూడింట రెండు వంతులు, ముస్లిం పేరుకు సుమారు మూడో వంతు. 2007లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో అచ్చయిన ఫలితమిది. అప్పటికి ఏఐ జల్లెళ్లు లేవు. ఇంటిపేరు చూసి ఫైలు పక్కకు నెట్టిన చేతికి అయిదు వేళ్లున్నాయి. ఈ మాట ఒప్పుకోవడం కష్టం కాబట్టే, రోబో కథ అందరికీ సుఖంగా ఉంటోంది.

ఇక రోబో భయంతో రెజ్యూమెలు ఎలా తయారవుతున్నాయో చూద్దాం. ఉద్యోగ ప్రకటనలోని వాక్యాలను యథాతథంగా దించేయడం తొలి మెట్టు. తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాలతో వంద కీవర్డులు దాచడం రెండోది. సాఫ్ట్‌వేర్ రెజ్యూమెను విడదీసినప్పుడు రంగులు పోతాయి, దాచిన చెత్తంతా రిక్రూటర్ కళ్లముందు నల్లగా పరుచుకుంటుందని ఈ చిట్కా చెప్పినవాడు చెప్పడు. మూడోది ‘ఏటీఎస్ స్కోరు’. స్కోరు చూపించే సైటుకూ, కుర్రాడు దరఖాస్తు పెట్టిన కంపెనీకీ ఏ చుట్టరికమూ లేదు. 62 అని భయపెట్టేదీ, డబ్బు కడితే 91 చేసేదీ ఒకే దుకాణం.

ఈ ధోరణి ముదిరితే ఏమవుతుందో అమెరికా క్లయింట్లకు మనుషులను ‘మార్కెట్’ చేసే హైదరాబాద్ బెంచ్ సేల్స్ ఆఫీసుల్లో కనిపిస్తుంది. అక్కడ ఎనిమిది పేజీల రెజ్యూమె మామూలే. ప్రతి ప్రాజెక్టు చివరా ‘ఎన్విరాన్‌మెంట్’ అని ఒక వరుస, అందులో పాతిక టూళ్ల పేర్లు. ఆ పాతికలో చేత్తో ముట్టుకున్నవి ఎన్నో రాసినవాడికే తెలియదు. అక్కడి నుంచి ఫేక్ ఎక్స్‌పీరియన్స్ ఎంతో దూరం కాదు. పదాలు సరిపోతే చాలనుకున్నాక ఏళ్లు మాత్రం ఎందుకు సరిపోకూడదు? ఇండియాలో ఆ దారి ఇరుకైంది. 2014లో యూఏఎన్ నంబరు వచ్చాక పీఎఫ్ జమల చరిత్ర ఒకే చోట ఉంటోంది. మూడేళ్లు పనిచేశానన్న కంపెనీ పేరు అందులో లేకపోతే, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో కథ అడ్డం తిరుగుతుంది.

పిసరంత నిజమని పైన అన్నది ఇక్కడ చెప్పాలి. రెండు కాలమ్‌ల డిజైన్లు, పట్టికలు, బొమ్మగా సేవ్ చేసిన పీడీఎఫ్‌లు సాఫ్ట్‌వేర్‌ను తికమక పెడతాయి. పైథాన్‌కు నాలుగు చుక్కలు, ఎస్‌క్యూఎల్‌కు మూడు చుక్కలు వేసిన గ్రాఫులు దానికీ అర్థం కావు, మనిషికీ అర్థం కావు. ట్యాలీ వచ్చిన వాళ్లు ట్యాలీ అన్న మాట రాయాల్సిందే, లేకపోతే వెతికిన వాళ్లకు దొరకరు. ఒకే కాలమ్, మామూలు శీర్షికలు, వచ్చిన పని అసలు పేరు. పావుగంటలో అయ్యే ఈ పనికి కోర్సు అక్కర్లేదు.

మిగతా శ్రమంతా మనిషి కోసం పడాలి. లాడర్స్ అనే అమెరికన్ ఉద్యోగాల సైటు 2012లో 30 మంది రిక్రూటర్ల కంటి కదలికలను పరిశీలించి, రెజ్యూమె మీద తొలి చూపు ఆరు సెకన్లేనంది. 2018లో మళ్లీ చూస్తే 7.4 సెకన్లు తేలింది. 30 మందిని చూసి లోకాన్ని కొలవలేం గానీ, వాళ్ల చూపు ఎక్కువసేపు నిలిచిన చోట్లు గమనించాలి: పేరు, ఇప్పటి పని, అంతకుముందు పని, తేదీలు, చదువు. మన పిల్లల రెజ్యూమెల్లో పై భాగమంతా సీనియర్ దగ్గర తెచ్చుకున్న ‘కెరీర్ ఆబ్జెక్టివ్’ తినేస్తుంది. కింది భాగం తండ్రి పేరుకు, పెళ్లయిందా లేదా అన్నదానికి, ‘పై వివరాలన్నీ నిజమని ప్రమాణం చేస్తున్నాను’ అన్న డిక్లరేషన్‌కు పోతుంది. మధ్యలో అడుగూబొడుగూ మిగిలిన చోట ‘అకౌంట్స్ పనుల బాధ్యత’ అని ఒక వాక్యం.

తెనాలిలో ఒక కిరాణా డిస్ట్రిబ్యూటర్ దగ్గర రెండేళ్లు పనిచేసిన బీకాం అమ్మాయి ఉందనుకుందాం. ‘బాధ్యత’ బదులు ఆమె ఇలా రాయొచ్చు: ‘రోజుకు 40 బిల్లులు ట్యాలీలో ఎక్కించాను. జీఎస్టీఆర్-1 ప్రతి నెలా 11వ తేదీలోపు దాఖలు చేశాను. సరఫరాదారుల బిల్లులకూ పోర్టల్‌లోని లెక్కకూ వచ్చిన తేడాలను నెలనెలా పట్టుకుని సరిచేయించాను.’ ఈ మూడు వాక్యాల్లో వెతికేవాడికి కావలసిన పదాలు వాటంతటవే ఉన్నాయి. చదివే మేనేజర్‌కు ఇంటర్వ్యూలో అడగడానికి మూడు ప్రశ్నలూ ఉన్నాయి. అలాగే, కొనుక్కొచ్చిన ‘ఫేస్ రికగ్నిషన్ అటెండెన్స్’ ప్రాజెక్టు గురించి కన్నా, తండ్రి నడిపే పాల కేంద్రంలో వెన్న శాతం, వెన్న కాని ఘనపదార్థాల శాతం (ఎస్ఎన్ఎఫ్) చూసి రైతుల బిల్లు లెక్కగట్టే చిన్న ప్రోగ్రాం గురించి ఒక బీటెక్ కుర్రాడు పది నిమిషాలు తడుముకోకుండా మాట్లాడగలడు.

ఇంత చక్కగా రాసినా అరవై శాతం షరతు దగ్గర, ఏడాది గ్యాప్ దగ్గర, ఇంటిపేరు దగ్గర రెజ్యూమె ఆగిపోవచ్చు. అందుకు సమాధానం చెప్పవలసింది కంపెనీలు. ఏ షరతు మీద పక్కన పెడుతున్నారో ప్రకటనలోనే రాయమని, తిరస్కరించిన ప్రతి దరఖాస్తుకూ కారణం ఒక వాక్యంలో పంపమని అడగవలసింది కాలేజీల ప్లేస్‌మెంట్ సెల్స్. ఆ పని మానేసి ఆఖరి సంవత్సరం పిల్లలను హాల్లో కూర్చోబెట్టి ఏటీఎస్ వర్క్‌షాపులు పెట్టిస్తే ఎవరికి లాభమో తెలుస్తూనే ఉంది. ఈసారి అలాంటి హాల్లో ‘95 స్కోరు గ్యారంటీ’ అన్న స్లైడు పడినప్పుడు వెనక వరుసలోంచి ఎవరైనా లేచి, ‘ఈ 95 ఏ కంపెనీ వేస్తుంది సార్?’ అని అడిగితే, ఆ తర్వాతి స్లైడు ఏమిటో చూడాలి.