గోదావరి లంకలు – కృష్ణజింకలు – మన కర్తవ్యం

కోనసీమ అనగానే కొబ్బరితోటలు, వరిచేలు, పంటకాలువలు మన మనసులో మెదులుతాయి. జింకలు మెదలవు. అయినా ధవళేశ్వరం దిగువన గోదావరి పాయల నడుమ తేలిన లంకలలో కృష్ణజింకలు నివసిస్తున్నవి. ఆలమూరు, కొత్తపేట ప్రాంతాలవారికి ఇది కొత్త సంగతి కాదు. మన రాష్ట్ర జంతువు మన ముంగిటనే ఉన్నదని తక్కిన విద్యావంతులలో ఎందరికి తెలుసునన్నదే ప్రశ్న.

2022 జూలైలో ధవళేశ్వరం వద్ద 25 లక్షల క్యూసెక్కులు దాటి వరద పారినప్పుడు లంకలు మునిగినవి. ఆ మూగజీవుల గతి ఏమైనదన్న ఆందోళన పత్రికలకెక్కింది. వరద తీసింది, ఆందోళనా తీసింది. ఏడాదికొకసారి జాలిపడి ఊరుకోవడం కర్తవ్యం అనిపించుకోదని మేము భావిస్తున్నాము.

కృష్ణజింక ఒంటరిగా బ్రతికే ప్రాణి కాదు. దాని వెనుక గడ్డి ఉన్నది, దాని వెంట వేటమృగం ఉన్నది. ఈ మూడింటినీ కలిపి చూడనిదే ఏ ఒక్కటీ అర్థం కాదు. జింకకు కావలసినది పొట్టి పచ్చిక, కనుచూపు మేర తెరపి నేల. శత్రువును దూరాన పసిగట్టి పరుగెత్తడమే దాని ఆత్మరక్షణ. ఆ పరుగును దానికి నేర్పినది చివంగి, తోడేలు. మొగల్ చక్రవర్తి అక్బరు చివంగులను పెంచి వాటిచేత కృష్ణజింకలను వేటాడించేవాడు. 1947లో సర్గూజా ప్రాంతంలో మూడు చివంగులు తుపాకికి బలి అయిన తరువాత ఆ జాతి మన దేశంలో కానరాలేదు. 1952లో అది అంతరించినదని ప్రకటించారు. 2022 సెప్టెంబరులో నమీబియానుండి 8 చివంగులను తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కూనో వనంలో విడిచారు. తరిమే మృగం పోయినది, పరుగు మాత్రం మిగిలినది.

వేటమృగం లేకపోతే జింకకు సుఖమే కదా అని తోచవచ్చు. కాని ప్రకృతి లెక్క అంత సులువైనది కాదు. అమెరికాలోని ఎల్లోస్టోన్ ఉద్యానంలో 1926 నాటికి తోడేళ్లను నిర్మూలించారు. అక్కడి ఎల్కు జింకలు పెరిగి లేత మొక్కలను ఎదగనీయలేదు. 1995, 96 సంవత్సరాలలో తోడేళ్లను తిరిగి తెచ్చిన తరువాత కొన్ని ఏటిగట్లపై చెట్లు మళ్లీ కోలుకున్నవి. ఆ మార్పులో తోడేలు పాలెంత, తక్కిన కారణాల పాలెంత అన్నదానిపై శాస్త్రజ్ఞులలో వాదం ఉన్నది. అయితే గడ్డికీ, గడ్డి తినే ప్రాణికీ, దానిని తినే ప్రాణికీ ముడి ఉన్నదన్న విషయంలో వాదం లేదు.

అంత దూరం పోనక్కరలేదు. మన రాయలసీమలోని రోళ్లపాడు చాలు. బట్టమేక పక్షి రక్షణకై 1988లో అక్కడ సుమారు 614 హెక్టార్లలో అభయారణ్యం ఏర్పరచారు. కాపలా దొరకగానే కృష్ణజింకలు వృద్ధి చెందినవి, చుట్టుపట్ల చేలపై పడినవి. రైతుకు అభయారణ్యం కంటగింపైనది. ఏ పక్షికోసం కంచె వేశారో ఆ పక్షి దాదాపు కనుమరుగైనది. ఒక ప్రాణికి కంచె వేసినంత మాత్రాన పని ముగియదని, చుట్టూ ఉన్న మనుషుల మనసు గెలవని రక్షణ నిలువదని రోళ్లపాడు నేర్పే పాఠం.

ఇక మన లంకలకు వద్దాము. లంకను నిలబెట్టేది రెల్లు. దాని వేళ్లు ఒండ్రును పట్టి ఉంచుతాయి. ముదిరిన రెల్లు జింకకు పనికిరాదు. ఆఫ్రికాలోని సెరెంగెటీ మైదానంలో ముందు చారలగుర్రాలు ముతకగడ్డి మేసిపోతే, వెనుక వచ్చే చిన్న జింకలకు లేతపచ్చిక అందుతుంది. మన లంకలలో గేదెలు ఆ పని కొంత చేయగలవు. కనుక పశువులను పూర్తిగా వెళ్లగొట్టడం జింకకు మేలు కాకపోవచ్చును. మేత మితిమీరితే మాత్రం గడ్డీ మిగలదు, గట్టూ మిగలదు. సర్కారు తుమ్మ మొలిచినచోట ఇంకొక చిక్కు ఉన్నది. జింక దాని కాయలు తిని గింజలను పేడతో వెదజల్లుతుంది. తనకు కావలసిన బయలును తానే ముళ్లపొదగా మార్చుకొంటుంది. మనిషి పూనుకొని ఆ మొక్కలను పెరికివేయక తప్పదు.

వేటమృగం స్థానంలో నేడు ఊరకుక్క ఉన్నది. తోడేలు ఆకలికి వేటాడుతుంది, అడవి దానికి హద్దు. ఊరకుక్కకు ఊరిలో తిండి దొరుకుతుంది కనుక జింకలు తగ్గినా కుక్కలు తగ్గవు. పైగా వరదలో అలసి ఒడ్డుకు చేరిన జింకకు పరుగెత్తే సత్తువ ఉండదు. ఇది ప్రకృతి వేట కాదు, మన అలసత్వం.

లంక రైతు మాటేమిటి? ఏటికి ఎదురీది పండించిన పైరును రాత్రికి రాత్రి మంద మేసిపోతే, 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలును చదివి వినిపిస్తే అతని కడుపు నిండదు. జింక అందరి సొత్తయినప్పుడు నష్టం ఒక్కరిదే కావడం న్యాయం కాదు.

కావున మా సూచనలు ఇవి. లంకలలోని మెరకలను ఇసుకకోసం తవ్వక, వరదలో జింకలకు, పశువులకు ఆశ్రయంగా మిగల్చవలెను. పంటనష్టాన్ని వెంటనే చేనిలోనే అంచనా కట్టి చెల్లించవలెను. వరద రోజులలో గట్లపై కుక్కలను అదుపు చేయవలెను. నక్కను పగతో చంపరాదు, లంకలో మిగిలిన కొద్దిపాటి వేటమృగాలలో అది ఒకటి.

ఇది మన సంస్కృతులు రెండూ ఒప్పుకొనే ధర్మమే. ఇహ్రాం దాల్చిన హజ్ యాత్రికునికి నేలమీది వేట నిషిద్ధం. దైవప్రవక్త మదీనాను హరంగా ప్రకటించి అక్కడి చెట్లకు, మృగాలకు అభయమిచ్చారు. పచ్చికబయళ్లను కాచి ఉంచే 'హిమా' పద్ధతిని ఇస్లాం ప్రభువుల సొంతానికి కాక ప్రజలందరి మేలుకు మళ్లించింది. కాళిదాసు శాకుంతలం కృష్ణసారాన్ని తరిమే దుష్యంతునితో మొదలై, ఆశ్రమవాసులు అడ్డుపడగా ఆగిన బాణంతో ముందుకు సాగుతుంది. ఉర్దూ కవి ఆహూ కన్నులన్నాడు, తెలుగు కవి హరిణాక్షి అన్నాడు. ఉపమానానికి వాడుకొన్న ప్రాణిని ఉపమానంలోనే మిగల్చడం రెండు భాషలకూ గౌరవం కాదు.

మన విద్యార్థులు ఏటా వేసవిలో అటవీశాఖ అనుమతితో, లంక రైతుల తోడ్పాటుతో జింకలను లెక్కించి, పంటనష్టాన్ని కూడా అదే పుస్తకంలో నమోదు చేయగలిగితే అది ఏ పరీక్షకూ తీసిపోని చదువు అవుతుంది. రెండు లెక్కలూ పక్కపక్కన ఉన్నప్పుడే అధికారి జింకనూ చూస్తాడు, రైతునూ చూస్తాడు. ఆ పుస్తకం తెరిచే బాధ్యత మన కళాశాలలు స్వీకరించవలెనని మా కోరిక.