కోటగోడ పక్క ఇళ్లకు పై అంతస్తు కట్టుకోనివ్వండి

చాందా తెలుగువాళ్లందరికీ,

ఇద్దరు అన్నదమ్ములు. ఒకరిది బొగ్గు గనిలో పని, ఇంకొకరిది బల్లార్పూర్‌లో. కింద ఒక కాపురం, పైన ఒక కాపురం పెట్టొచ్చని కలిసి పాత ఇల్లు కొన్నారు. రిజిస్ట్రేషన్ రోజు స్టాంపు డ్యూటీ కట్టించుకున్నారు, ఎవ్వరూ నోరు విప్పలేదు. మేడకు ప్లాను పెట్టాక చెప్పారు: కోటగోడకు వంద మీటర్ల లోపలుంది, కుదరదని. ఇప్పుడు తమ్ముడు కిరాయింట్లో ఉన్నాడు. అప్పు మాత్రం ఇద్దరి మీదా ఉంది.

రక్షిత కట్టడానికి వంద మీటర్ల లోపు కొత్తగా ఏమీ కట్టొద్దన్న ఆ గీత 1992 జూన్ 16 నోటిఫికేషన్‌ది. 2010 సవరణతో పురాతన కట్టడాల చట్టంలోకే ఎక్కింది. ఒక గుడి చుట్టూ వంద మీటర్లంటే కొన్ని ఇళ్లు. మనది ఊరిని చుట్టిన గోడ, సుమారు పదకొండు కిలోమీటర్లు. లోపల వంద, బయట వంద లెక్కేయండి: రెండు చదరపు కిలోమీటర్ల పైచిలుకు! జట్‌పురా, బిన్బా, పఠాన్‌పురా, అంచలేశ్వర్, ఏ దర్వాజా దగ్గర చూసినా కాపురాలే. పాత ఇంటికి రిపేరైతే అనుమతి తెచ్చుకుని చేసుకోవచ్చట. నిలువుగా పెంచినా, అడ్డంగా పెంచినా అది కొత్త కట్టడమేనట. కాదని కడితే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. కొడుక్కి పెళ్లయిందని పైన గది వేసిన తండ్రికి ఈ శిక్షా?

మన కోపమంతా ఇక్కడే. ఆ వంద మీటర్లను పెంచే అధికారం చట్టం కేంద్రానికిచ్చింది. తగ్గించే దారి పెట్టలేదు. తన పని ఆగినప్పుడు మాత్రం సర్కారుకు నొప్పి తెలిసింది. నిషేధ ప్రాంతంలో కేంద్రం తన ఖర్చుతో ప్రజా పనులు చేసుకునేలా సవరణ బిల్లు తెచ్చింది, 2018 జనవరి 2న లోక్‌సభ ఆమోదించింది. అందులో మన మేడ ఊసే లేదు. అది చట్టమైనా కాకున్నా వాళ్ల మనసు తెలిసిపోయింది. సర్కారు కాంక్రీటు పోస్తే చరిత్రకు ఏమీ కాదు, మన పిట్టగోడ లేస్తే చరిత్ర కూలిపోతుంది!

గోండు రాజు ఖాండ్క్యా బల్లాళ్ షా ఈ కోట మొదలుపెట్టింది ఊరిని కాపాడటానికే. 1818లో దాన్ని పగలగొట్టింది ఇంగ్లీషు ఫిరంగులు, మనం కాదు. గోడ మీద పొదలు అల్లుకుపోతే 2017లో నెలల తరబడి నరికి శుభ్రం చేసింది ఎకో-ప్రో సంస్థ వాళ్లు, ఈ ఊరివాళ్లే. ప్రధాని రేడియోలో మెచ్చుకున్నారు కూడా. మేడలొస్తే కోట పాడైపోతుందనేవాళ్లకు ఇంతకు మించి జవాబు అక్కర్లేదు.

గోడకు ఆనించి కడతామనడం లేదు. 1992కు ముందున్న ఇంటికి, గోడ లోపలి వైపు, ఒక్క పై అంతస్తు కట్టుకోనివ్వాలి. దానికి చట్టం మారాలి, కాబట్టి ఓటడగడానికి వచ్చిన ఎంపీని నిలదీయండి. ఈలోగా సర్వే నంబర్లవారీగా వంద మీటర్ల గీత గీసిన నకాశాను మహానగరపాలికలోనూ, రిజిస్ట్రేషన్ ఆఫీసులోనూ అందరికీ కనిపించేలా పెట్టాలి. ఒక్కో రక్షిత కట్టడానికీ వేరే బైలాలు రాయాలని 2010 చట్టమే చెప్పింది. మన గోడ బైలాల గురించి మాట్లాడేటప్పుడు ఈ వీధులవాళ్లను కూర్చోబెట్టి అడగాలి.

ఇల్లు కొనేవాళ్లు బయానా ఇవ్వకముందే టేపు పట్టి కొలవండి. ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు సేల్ డీడ్ నకలు, ప్లాను తిప్పి పంపిన కాగితం ఈ కరపత్రం తెచ్చినవాళ్ల చేతికివ్వండి. గోడకు ఎన్ని మీటర్లో వెనకవైపు రాయడం మరవకండి.