తమ పదవికి తామే హద్దు గీయుట

మా పాఠశాల వక్తృత్వ సమాజమున ఈ యేడు శాసనసభ్యుల పదవీకాలమునకు పరిమితి యుండవలెనా యను విషయమై చర్చ జరిగినది. చర్చ ముగియుచుండగా నొక బాలుడు లేచి, మన సమాజ కార్యదర్శికి మాత్రము ఆ హద్దు వలదా యని యడిగెను. వెంటనే మూడు ప్రతిపాదనలు వచ్చినవి. దేనిపై ముందుగా చేతులెత్తింపవలయునని పిల్లలు గోలచేయగా, అధ్యక్షస్థానమున నున్న మేము "ఏది ముందైన నేమి?" యంటిమి. అది తొందరపాటు మాట. అమెరికా దేశమున నిట్టి ప్రశ్న నడచిన తీరు జ్ఞప్తికి రాగా మా పొరపాటు మాకు తెలిసినది.

1994వ సంవత్సరపు ఎన్నికలలో రిపబ్లికను పక్షమువారు ప్రజలకు పది వాగ్దానములు చేసిరి. అందు సభ్యుల పదవీకాల పరిమితి యొకటి. ఆ పదింటిని సభలో చర్చకు తెచ్చి ఓటునకు పెట్టెదమనిరే గాని, నెగ్గించెదమని యనలేదు! ఈ రెంటికి భేదమెంతో విద్యార్థులు గమనింతురు గాక.

రాజ్యాంగ సవరణకు ఓటు చేసినవారిలో మూడింట రెండు వంతుల సమ్మతి కావలయును. 1995 మార్చి 29న ప్రతినిధుల సభ యెదుట నాలుగు పాఠములు నిలిచినవి. పెక్కు పాఠములు నెగ్గినచో, హెచ్చు ఓట్లు పొందినదే నిలుచునని నియమము. వినుటకిది న్యాయముగనే యున్నది. కాని తన కిష్టమైన పాఠమునకు ఔనని, తక్కినవానికి కాదని, ఇంటికి పోయి "నేను పరిమితికి ఓటు చేసితిని" అని చెప్పుకొనుటకు ప్రతి సభ్యునికిని దారి దొరకినది.

ఆరేండ్ల పరిమితికి 114 ఓట్లే వచ్చినవి. మరియొక పాఠము, ఇదివరకు గడచిన యేండ్లనుగూడ లెక్కింపవలెననెను. దానిని తెచ్చినవారు డెమొక్రాటులు. నిజము పరీక్షింపదలచిరో, పని చెడగొట్టదలచిరో మేమెరుగము, కాని ప్రశ్న మాత్రము సూటియైనది. దానికి 135 మంది సమ్మతించిరి, 297 మంది కాదనిరి. గడచినది లెక్కింపక, ఇకమీదట ఒక్కొక్క సభలో పండ్రెండేండ్లను పాఠమునకు 227 ఓట్లు వచ్చినవి. 204 మంది వ్యతిరేకించిరి. కావలసినవి 288. లెక్క వేసి చూడుడు: ఆ 227 మందిలో 92 మందికి తక్కువ కాకుండ, తమ గత కాలమును లెక్కించుటకు ఒప్పుకొనలేదు.

న్యాయ సంఘాధ్యక్షుడగు హెన్రీ హైడ్ తన పక్షమువారినే యెదిరించి, పరిమితి తగదని బహిరంగముగ వాదించెను. ఏండ్ల తరబడి బోధించుచున్న మాకును అనుభవము నేరమని యొప్పుకొనుట కష్టమే. ఆయన నిర్ణయముతో నేకీభవించినను, ఏకీభవింపకున్నను, ఆ "కాదు"ను మేము గౌరవింతుము. సందు చూచి పలికిన "ఔను"ను గౌరవింపలేము.

1997 ఫిబ్రవరి 12న మరల పదునొకండు పాఠములు వచ్చినవి. ముఖ్యమైనదానికి 217 ఓట్లు అనుకూలముగను, 211 ప్రతికూలముగను పడి, అదియు వీగిపోయినది. పాఠములు పెరిగినకొలది సందులును పెరుగును గదా. అధ్యక్షునికి రెండు పర్యాయముల హద్దును 1947లో ఆ కాంగ్రెసే ప్రతిపాదించినది, 1951లో అది రాజ్యాంగమున చేరినది. పరుని పదవికి హద్దు గీయుట అంత కష్టము కాలేదు.

కావున మా యభిప్రాయమిది: ఇట్టి చర్చలో "గడచిన కాలము లెక్కకు వచ్చునా, రాదా?" యను ప్రశ్నను విడదీసి, దానిపైననే మొట్టమొదట పేరుపేరున ఓటు తీయవలయును. ఎన్ని యేండ్లను ప్రశ్న తరువాతిది.

మా సమాజపు రాబోవు సభలో నిట్లే చేయనున్నాము. ఆ మూడు ప్రతిపాదనలలో నొకటి, మూడేండ్లుగా కార్యదర్శిగ నున్న విద్యార్థి స్వయముగ తెచ్చినది. అతడు నిన్న మా గదికి వచ్చి, పేరుపేరున ఓటు తీయుట తప్పదా యని మెల్లగా నడిగిపోయెను.