టీవీని అమ్మానాన్నల దగ్గరే ఉంచి వెళ్ళండి



వీసా వచ్చిందని ప్రార్థనకు పిలిచిన ఇళ్ళల్లో ఈ మధ్య మాకు తరచుగా ఒక ప్రశ్న ఎదురవుతోంది. "అయ్యగారూ, టీవీ కూడా పట్టుకెళ్దామనుకుంటున్నాం, ఏమంటారు?" నర్సు ఉద్యోగానికి బ్రిటన్ వెళ్ళే చెల్లెళ్ళు, అమెరికాలో కాపురం పెట్టబోయే తమ్ముళ్ళు, కువైట్, దుబాయ్ వెళ్ళేవాళ్ళు కూడా అడుగుతున్నారు. ఇది పాస్టరుని అడిగే సంగతేనా అని మొదట నవ్వుకున్నాం. అయితే అడిగినవాళ్ళ వసారాలో, ఆ టీవీకి ఎదురుగా, ప్లాస్టిక్ కుర్చీలో వాళ్ళ అమ్మో నాన్నో కూర్చుని ఉంటున్నారు. ఆ ముఖాలు చూశాక జవాబు చెప్పవలసిందే అనిపించింది. తీసుకెళ్ళకండి అనే చెబుతున్నాం.

టీవీ సాతాను పెట్టె అని తిట్టడానికి ఇది రాయడం లేదు. మా ఇంట్లోనూ ఒకటుంది, వార్తలప్పుడు మేమూ చూస్తాం.

ముందు లెక్క చూడండి. మన దగ్గర కరెంటు 230 వోల్టులు, అమెరికాలో 120. టీవీ వెనక అంటించిన చీటీ మీద 100-240 అని ఉంటే అక్కడా వెలుగుతుంది. 220-240 అని మాత్రమే ఉంటే వేరే ట్రాన్స్‌ఫార్మర్ కొనుక్కోవాలి. వెలిగినా, అక్కడ యాంటెన్నాకు వచ్చే ప్రసారాల పద్ధతి వేరు, ఇక్కడ కొన్న టీవీ వాటిని పట్టుకోలేదు. డీటీహెచ్ బాక్సు కూడా సర్దుకుంటున్నారని విన్నాం. ఆ ఉపగ్రహం సిగ్నల్ అమెరికా దాకా అందదు. బ్రిటన్‌లో వోల్టేజీ ఇబ్బంది లేదు గానీ, ఏ చానెలైనా ప్రసారమవుతుండగా చూడాలంటే లైసెన్సు కట్టాలి. 2025 ఏప్రిల్‌లో అది ఏడాదికి 174.50 పౌండ్లు ఉండేది. ఒకప్పుడు పోస్టాఫీసులో రేడియో లైసెన్సు కట్టిన పెద్దవాళ్ళు మన సంఘంలో ఇంకా ఉన్నారు, వాళ్ళకిది వింతగా ఉండదు.

విమానం సంగతి మరొకటి. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు దాటితే చాలా విమాన సంస్థలు అదనంగా వసూలు చేస్తాయి. 43 అంగుళాల టీవీ పొడవే దాదాపు 95 సెంటీమీటర్లు. అట్టపెట్టెలో పెట్టేసరికి ఆ హద్దు దాటిపోతుంది. తీరా దిగాక తెర పగిలి ఉంటే ఎవరిని అడుగుతారు? ఇక గల్ఫ్‌లో ఆరుగురు కలిసి ఉండే గదిలో టీవీ పెట్టుకోవడానికి మీ వాటాకు గోడ ఎక్కడ వస్తుంది?

వెనకటికి టీవీలు అటునుంచి ఇటు వచ్చేవి. గల్ఫ్ నుంచి సెలవుకు వచ్చే కొడుకు దుప్పట్లు, సెంటు సీసాలతో పాటు టీవీ తెస్తే వీధంతా చూడటానికి వచ్చేది. 2013లో రూపాయి పడిపోతున్న రోజుల్లో, ఆగస్టు 26 నుంచి, ఫ్లాట్ టీవీలకు సుంకం లేకుండా తెచ్చుకునే వీలు మన ప్రభుత్వం తీసేసింది. అయినా కొందరు సుంకం కట్టి మరీ తెచ్చారు. ఎవరి కోసం? ఇంటి దగ్గర ఉన్న అమ్మానాన్నల కోసం. ఇప్పుడు అదే టీవీ వాళ్ళ ముందు నుంచి తీసి ప్యాక్ చేస్తున్నారు. మాకు కష్టంగా ఉన్నది ఇదే.

మాకు తెలిసిన ఒక పెద్దమ్మగారి ఇంట్లో కొడుకు వెళ్తూ టీవీ పట్టుకెళ్ళాడు. గోడకు నాలుగు మేకు రంధ్రాలు మిగిలాయి. ఆమె సాయంత్రం సీరియల్ వేళకు పక్కింటికి వెళ్ళి గుమ్మం దగ్గర కూర్చుంటారు. వాళ్ళు కంచాలు పెట్టుకోగానే, కథ సగంలో ఉన్నా లేచి వచ్చేస్తారు. అడిగితే, "ఆకలేసిందయ్యా" అంటారు. కొడుకు మీద ఒక్క మాట పడనివ్వరు.

"నేను వాయిదాలు కట్టి కొన్నది కదా" అంటారు కొందరు. నిజమే, హక్కు మీదే. "పిల్లలు తెలుగు మరిచిపోతారు" అనేది ఇంకొంచెం బరువున్న మాట. అయితే తెలుగు ఆ పెట్టెతో పాటు రాదు. అక్కడ కొన్న టీవీలోనూ, ఫోనులోనూ ఇంటర్నెట్ ద్వారా తెలుగు కార్యక్రమాలు వస్తాయి. అంతకన్నా, రోజూ నాయనమ్మతో పది నిమిషాలు మాట్లాడిస్తే తెలుగు ఎక్కువ నిలుస్తుంది.

ఆదికాండము 45వ అధ్యాయం ఒకసారి తీసి చదవండి. యోసేపు కుటుంబాన్ని ఐగుప్తుకు పిలిపించేటప్పుడు ఫరో బండ్లు పంపించాడు. పిల్లలను, భార్యలను, ముసలి తండ్రిని ఎక్కించుకు రమ్మన్నాడు. సామాన్ల గురించి విచారపడవద్దనీ చెప్పించాడు. ఆ బండ్లు చూసిన తరువాతే యాకోబు ప్రాణం తెప్పరిల్లింది. (అయినా వాళ్ళు కనానులో సంపాదించినదంతా తీసుకునే వెళ్ళారని తరువాతి అధ్యాయంలో ఉంది. అచ్చం మనలాగే!) సామాను మోసుకెళ్ళినా, బండిలో తండ్రికి మాత్రం చోటు తప్పలేదు.

మన పిల్లల చేతిలో అలాంటి బండ్లు లేవు, ఆ సంగతి మాకూ తెలుసు. అమెరికాలో పౌరసత్వం వచ్చిన కొడుకో కూతురో అయితేనే తల్లిదండ్రులను శాశ్వతంగా పిలిపించుకోగలరు. అది వచ్చేసరికి ఏళ్ళు పడుతుంది. బ్రిటన్‌లో ఆ దారి మరీ ఇరుకు. కాబట్టి చాలామంది అమ్మానాన్నలు ఇక్కడే ఉండిపోతారు. అలాంటప్పుడు టీవీ వాళ్ళ దగ్గరే ఉండనివ్వండి. వార్తలు, సీరియల్, ఆదివారం ఒంట్లో బాగోక మందిరానికి రాలేకపోతే వాక్యం, అన్నీ అందులోనే వాళ్ళకు.

టిక్కెట్టు తేదీ ఖాయం కాగానే మాకు ఒక మాట చెప్పండి. ఆదివారం ఆరాధన అయ్యాక మన యవనస్థుల్లో ఇద్దరు వచ్చి వైర్లు, డిష్ చూసి పెడతారు. రీఛార్జి ఎవరు చేయాలో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ముందే మాట్లాడుకోండి, నెల మధ్యలో ఆగిపోయాక వాళ్ళు మీకు ఫోన్ చేసి అడగరు. చానెళ్ళ నంబర్లు ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి. రిమోట్‌లో కొత్త సెల్స్ వేసి, ఇంకో జత బీరువాలో ఎక్కడ పెట్టారో అమ్మకు చూపించి బయలుదేరండి.