బిల్లుల పనే కదా అనుకోకండి!

తుఫాను వచ్చిందంటే టీవీల్లో పడవలు, పులిహోర పొట్లాలు, టార్పాలిన్లు కనిపిస్తాయి. ఎక్కడో ఓ గదిలో కూర్చుని కొటేషన్లు పోల్చి, బిల్లులకు నంబర్లేసి, దాతకు నివేదిక పంపే మనిషి మాత్రం కనిపించరు. ఆ ఉద్యోగం పేరు గ్రాంట్స్ అసిస్టెంట్. మొన్న ఓ డిగ్రీ కాలేజీలో దీని గురించి చెబుతుంటే బీకాం ఫైనలియర్ కుర్రాడు లేచి, "సార్, ఇంత చదివి గుమస్తా పనా?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. కానీ ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిందే.

విదేశీ సాయం చాలావరకు విడతలుగా వస్తుంది. మొదటి విడత లెక్క తేలితేనే రెండోది. నేను ఈ పనిలో చేరిన కొత్తల్లో దుప్పట్ల కొనుగోలు ఫైల్లో మూడు కొటేషన్లు ఉండాల్సింది, రెండే పెట్టాను. సరుకు మంచిదే, ధరా సబబే. కాగితమే లేదు. దాత ఆ ఖర్చు ఒప్పుకోలేదు. ఆ భారం సంస్థ మీద పడింది, తర్వాతి ఊరికి వెళ్లాల్సిన దుప్పట్లు తగ్గిపోయాయి. ఇది గుమస్తా పని కాదని నాకు ఆ రోజే అర్థమైంది.

మన దేశంలో నిబంధనలు ఇంకా గట్టివి. 2010 నాటి ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం ప్రకారం రిజిస్ట్రేషనో, ముందస్తు అనుమతో లేకుండా స్వచ్ఛంద సంస్థ విదేశీ విరాళం తీసుకోకూడదు. 2020 సవరణతో ఆ డబ్బు ముందుగా ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి. దాన్ని మరో సంస్థకు బదిలీ చేయకూడదు. ఏటా ఎఫ్‌సీ-4 రిటర్న్ డిసెంబరు 31లోగా వేయాలి.

అదే సవరణ పరిపాలన ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించింది. నా అభ్యంతరం ఇక్కడే. విరాళం పేదలకే చేరాలన్న ఉద్దేశం మంచిదే. కానీ లెక్కలు రాసేవాళ్ల జీతం కూడా ఆ 20 శాతంలోకే వస్తుంది. దాంతో చాలాచోట్ల ఒకే మనిషి అకౌంట్లు, నివేదికలు, ఆడిట్ అన్నీ మోస్తున్నారు. దాతలదీ అదే తీరు. ఐరోపా సమాఖ్య మానవతా సాయం గ్రాంట్లలో పరోక్ష ఖర్చులకిచ్చేది 7 శాతమే. పైసాపైసాకీ లెక్క అడిగేవాళ్లు, లెక్క రాసే మనిషి జీతాన్ని దండగ అనుకోవడం న్యాయమేనా?

ఇంకో చేదు నిజం కూడా చెప్పాలి. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయాన్ని ఆపేయడంతో ఎన్నో దేశాల్లో ఈ రంగంలోని ఉద్యోగాలు పోయాయి. అందుకే ఒక్క దాతనే నమ్ముకోవద్దు. అయితే నేర్చుకున్న పని ఎక్కడికీ పోదు. కంపెనీల సీఎస్‌ఆర్ విభాగాలకూ, ఆడిట్ సంస్థలకూ ఇదే నైపుణ్యం కావాలి.

ఏం నేర్చుకోవాలి? ట్యాలీ, ఎక్సెల్‌లో పివట్ టేబుల్, ఒప్పందాన్ని చివరి పేజీదాకా చదివే ఓపిక. తెలుగు మీడియం వాళ్లు అస్సలు వెనకాడొద్దు. ఊళ్లో కిరాణా కొట్టాయన తెలుగులో రాసిచ్చిన బిల్లు చదివి, దాని మీద ఇంగ్లిష్‌లో నాలుగు వాక్యాలు రాయగలగడం ఇక్కడ పెద్ద అర్హత.

ఇంటర్వ్యూకి వెళ్తే మీరూ రెండు ప్రశ్నలు అడగండి: "ఈ పోస్టుకు జీతం ఏ గ్రాంటు నుంచి వస్తుంది? అది ఎప్పటిదాకా ఉంది?" మొహమాటపడకండి. ఆ లెక్క అడిగితేనే మీరు ఈ ఉద్యోగానికి సరిపోతారని వాళ్లకూ తెలుస్తుంది.