కాగితంలో నానమ్మ లేదు

మా నాలుగు రోడ్ల జంక్షన్ దగ్గర నూజివీడు చిన్నరసాలు దిగాయంటే నాకు మనవడి మోచేతులు గుర్తొస్తాయి. పండు మెత్తగా పిసికి, ముచ్చిక కొరికి జుర్రుకునేవాడు. రసం మోచేతుల దాకా కారేది. తుడవబోతే ఏడుపు.

వాడికిప్పుడు ఏడేళ్లు. మా అబ్బాయీ కోడలూ విడిపోయి మూడేళ్లు. పిల్లాడు తల్లి దగ్గర హైదరాబాద్‌లో ఉంటాడు. తండ్రికి నెలకు రెండు ఆదివారాలు. మావాడి ఉద్యోగం పుణెలో, సగం ఆదివారాలు అలాగే పోతాయి. ఓసారి వాడి బదులు నేను వెళ్తానంటే, "కాగితంలో తండ్రి అనే ఉందమ్మా" అన్నారు వకీలు గారు.

ఆ కాగితం రాయించిందీ మేమే. పరస్పర అంగీకార విడాకులే కదా! బంగారం గ్రాములతో సహా లెక్క రాయించాం, ఇత్తడి బిందెలతో సహా. పిల్లాడి వేసవి సెలవుల మాట ఎవరికీ తోచలేదు.

పిల్లల సంరక్షణ తేల్చే గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 1890 నాటిది. పిల్లల మేలే చూడమంటుంది, మంచిదే. జడ్జి గారు తలుచుకుంటే మాలాంటి వాళ్లకూ సమయం ఇవ్వొచ్చు. కానీ అందులో మాకంటూ విడిగా ఒక్క మాట లేదు. 2015లో లా కమిషన్ 257వ నివేదికలో తాతా నానమ్మలతో పిల్లలు గడిపే సమయం గురించి రాసింది. 2020లో యశితా సాహు కేసులో, తల్లిదండ్రుల విషయంలోనే అనుకోండి, నేరుగా చూడటంతో పాటు ఫోన్లో, వీడియోలో మాట్లాడుకోవడమూ ముఖ్యమేనంది సుప్రీంకోర్టు. ఫ్రాన్సు సివిల్ కోడ్‌లో 371-4 అధికరణం అయితే తాతా నానమ్మలతో అనుబంధాన్ని పిల్లల హక్కుగానే రాసింది. నాకు నచ్చింది అదే. నేను పెద్దదాన్నని అడగడం కాదు, వాడికి రావలసింది వాడికివ్వమనడం. రాజీ షరతుల్లోనే 'వేసవిలో వారం, వారానికో వీడియో కాల్, తండ్రి రాలేకపోతే నానమ్మ గానీ తాత గానీ' అని మూడు ముక్కలు రాస్తే సరి. వకీళ్లు ముందే అడగాలి. ఆ గొడవలో మనకు ఒళ్లు తెలియదు.

నా తప్పూ ఉంది. రెండేళ్లు కోడలికి ఫోన్ చేయలేదు. పైగా పెళ్లిళ్లలో, పేరంటాల్లో దాన్ని నానా మాటలూ అన్నాను. అవి దాని చెవిన పడకుండా ఉంటాయా? మొన్న సంక్రాంతికి ధైర్యం చేసి నేనే చేశాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆదివారం సాయంత్రం చేయండి అత్తయ్యా, ఖాళీగా ఉంటాడు" అంది.

ఈ వేసవిలో ఆర్టీసీ కార్గోలో రసాల బుట్ట పంపాను. ఆ ఆదివారం వాడు పండు పట్టుకుని ఫోన్ ముందు కూర్చున్నాడు. ముందరి పళ్లు రెండూ లేవు.

"నానమ్మా, ముచ్చిక ఎలా కొరకను?"

"పక్క పన్నుతో కొరకరా."