నీటి చదువు

మధ్యధరా సముద్రంలో వేసవి విహారానికి బయలుదేరే ఐరోపా మిత్రబృందాలు ఎనిమిది, పదిమంది కలిసి వారం రోజులకు ఒక నౌకను అద్దెకు తీసుకొనడం పరిపాటి. వారు మక్కువతో కోరే నౌకలలో కాటమరాన్ ఒకటి. జంట దోనెలపై వెడల్పుగా అమర్చిన ఆ నౌక గాలికి అంతగా ఒరగదు. లోతులేని తీరాలకు సైతం చేరగలదు. దాని పేరు మాత్రం మన తూర్పుతీరానిది. దుంగలను జతచేసి కట్టిన తెప్పను తమిళులు కట్టుమరం అన్నారు. కోరమండల తీరానికి వచ్చిన ఇంగ్లీషువారు ఆ మాటను తమ భాషలోకి తీసుకొనిపోయి, కాలక్రమాన పసిఫిక్ దీవుల జంటపడవల పద్ధతిలో నిర్మించిన నౌకకు తగిలించారు. పేరొకచోటిది, రూపమొకచోటిది.

ఆ విహారంలో విలాసమెంత వున్నదో నియమమూ అంత వున్నది. గ్రీసు దేశంలో నావికుడు లేకుండా నౌకను కోరేవారు, నడిపేవాని అర్హతాపత్రం చూపవలసినదే. అతనికి తోడుగా ఆ పని తెలిసిన మరొకరు వుండవలసినదే. అట్టివారు లేని బృందం నావికుని జీతమిచ్చి పెట్టుకొంటుంది. ఎక్కేవారందరి పేర్లూ ముందే పట్టికలో చేరుతాయి. పన్నెండుమంది ప్రయాణికులను మించితే అంతర్జాతీయ నిబంధనల ప్రకారం అది ప్రయాణికుల ఓడయే. దాని షరతులు వేరు. జూలై, ఆగస్టు మాసాలలో ఏజియన్ సముద్రంపై మెల్తెమి అనే ఉత్తరపు గాలి రోజులతరబడి వీస్తుంది. అప్పుడు రేవు కదలకుండా కూర్చోవలసి వస్తుంది. అద్దె చెల్లించినది మేమే గదా అంటే గాలి వినదు!

ఈ ప్రసంగం కరీంనగరు, ఆదిలాబాదు వారికెందుకని అడుగవచ్చు. ఆ రెండు పాత జిల్లాలకు గోదావరి సరిహద్దు. వంతెనలు లేని రోజులలో ఆవలి ఒడ్డుకు పడవే దిక్కు. పడవ నడిపేవాని మాటే శాసనం. వంతెనలు వచ్చాక ఆ అలవాటు పోయింది. వెనువెంట జలాశయాలు వచ్చాయి. కడెం, 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరామసాగరం, 1985లో పూర్తయిన దిగువ మానేరు, ఎల్లంపల్లి. ఒకనాడు ఎండిన వాగుతప్ప ఎరుగని ఊళ్ల పిల్లలకు నేడు సముద్రమంత నీరు కంటి ఎదుటనే వున్నది. విహారపు పడవలూ వచ్చాయి. నీటి చదువు మాత్రం రాలేదు.

జలాశయపు నీరు నిలకడ నీరు గదా అన్న ధీమా మంచిది కాదు. 2022 జూలైలో కడెంకు వచ్చిన వరద దాని పద్దెనిమిది గేట్లు విడువగల ప్రవాహాన్నే మించిపోయింది. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు వద్ద విహారనౌక మునిగినప్పుడు, వరంగల్లు, మంచిర్యాల ప్రాంతాలనుంచి సరదాగా వెళ్లినవారు కూడా గోదావరి పాలయ్యారు. అప్పుడు నదికి వరద వున్నది. ఉపాధ్యాయులు మరువరాని ఉదంతం మరొకటి. 2024 జనవరి 18న వడోదర నగరంలోని హరణి చెరువులో బడిపిల్లల పడవ బోల్తాపడి పన్నెండుగురు విద్యార్థులూ, ఇద్దరు ఉపాధ్యాయినులూ మరణించారు. అది వరదనది కాదు, ఊరి నడుమ చెరువు. పడవలో పట్టవలసినవారికన్న ఎక్కువమంది ఎక్కారు. అందరికీ ప్రాణరక్షక కవచాలు లేవు.

విహారయాత్రలు మానుకొనుమనడం తేలిక. ఒక దుర్ఘటన జరిగినప్పుడల్లా అధికారులు చేసే పని అదే. నాలుగు నెలలు పడవలు ఒడ్డున బోర్లించి, తిరిగి పాత పద్ధతినే నడుపుతారు. అంతకన్న, పడవ మాట్లాడబోయే ఉపాధ్యాయుడు కిరాయి ఎంతని అడిగేముందు, ఎందరు ఎక్కవచ్చునో, నడిపేవానికి అనుమతిపత్రమున్నదో లేదో, చిన్నపిల్లల కొలతకు సరిపడే కవచాలు ఎన్ని వున్నవో అడుగడం మేలు. పేర్ల పట్టిక ఒకటి ఒడ్డున వుంచడానికి ఖర్చేమీ లేదు. గాలి లేచిందని నావికుడు వద్దంటే, పిల్లలు ఎంత గోలపెట్టినా, బస్సెక్కించి తీసుకొని రావలసినదే.

ఇక ఈత మాట. హైదరాబాదులో హుస్సేన్ సాగరంపై పేదయిండ్ల పిల్లలు తెరచాప పడవలు నడపడం నేర్చి జాతీయ పోటీలలో పతకాలు గెలుస్తున్నారు. కరీంనగరుకు అంత ఏర్పాటు ఇప్పుడే కావాలని ఎవరూ అనరు. మానేరులో థర్మాకోలు తెప్పపై కూర్చుండి వల వేసే గంగపుత్రులున్నారు; కట్టుమరానికి నిజమైన జ్ఞాతి ఆ తెప్పయే. గాలి ఎప్పుడు మళ్లుతుందో, ఒడ్డున ఎక్కడ గుంట వున్నదో వారికి తెలుసు. వారి పిల్లలు బడిలో చేరేనాటికే ఈదగలరు. అదే బల్లపై పక్కన కూర్చున్న వకీలుగారి అబ్బాయికి, మాస్టారిగారి అమ్మాయికి ఆ విద్య నేర్పేవారు లేరు. వేసవిలో నీరు తీసి, ఒడ్డు లోతు కనబడే రోజులలో, ఆ తండ్రులలో ఒకరిద్దరిని తగిన వేతనమిచ్చి పిలిస్తే కాదనరు.